శ్వాస పాఠాలు – 4: గాలి ముందా, ఛాతీ ముందా?

పోయిన పాఠం చివర ఒక్క ప్రశ్నే ఇచ్చాను: ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ ఎందుకు పెద్దదవుతుంది? ఎక్కువమంది రాసిన జవాబు, "గాలి లోపలికి వెళ్తుంది కాబట్టి." ఇది తిరగేసిన జవాబు. ఈసారి వాయుగోణుల (ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి సంచుల) నుంచి ఆక్సిజన్ రక్తంలోకి ఎలా దాటుతుందో మొదలుపెట్టాలి. కానీ ఈ చిక్కు విడదీయకుండా ముందుకెళ్తే తర్వాత చెప్పేదంతా తలకిందులుగా అర్థమవుతుంది. ఆక్సిజన్ సంగతి వచ్చే పాఠంలో చూద్దాం.

ముక్కు నుంచి వాయునాళం దాకా దారి మీకు తెలిసిందే, వదిలేస్తున్నాను.

ఒక పని చేయండి (ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు వద్దు). మామూలుగా ఊపిరి వదిలేసి, నోరు మూసి, ముక్కు రెండు వేళ్లతో గట్టిగా పట్టుకోండి. ఇప్పుడు గాలి పీల్చబోయినట్టు చేయండి. ఒక్క క్షణం చాలు. పక్కటెముకలు కాస్త లేస్తాయి, గొంతు కింది గుంట లోపలికి లాగినట్టవుతుంది. గాలి ఏమాత్రం వెళ్లలేదు, అయినా ఛాతీ కదిలింది. ముక్కు వదలగానే గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది.

ఊపిరితిత్తులకు తమంతట తాము సాగే కండరం లేదు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న కండరపు పొర, విభాజక పటలం, బిగుసుకుని కిందికి దిగుతుంది, పక్కటెముకల మధ్య కండరాలు ఎముకల్ని పైకి, బయటికి లాగుతాయి. మధ్యలో పల్చటి ద్రవపు పొర ఉండటం వల్ల ఊపిరితిత్తులు ఛాతీ గోడను వదలవు, దాంతోపాటే సాగుతాయి. చోటు పెరిగితే పీడనం తగ్గుతుంది, 1662లో బాయిల్ చెప్పిన సూత్రమే. బయట గాలి పీడనం 760 మి.మీ. పాదరసం ఉంటే లోపల దాదాపు 759. ఆ ఒక్క మిల్లీమీటరు తేడాకే అర లీటరు గాలి వచ్చేస్తుంది.

ఈ తప్పుకు మూలం, ఊపిరితిత్తులు గాలి నిండితే ఉబ్బే బెలూన్ల లాంటివనే పోలిక. అది వింటేనే నాకు చిరాకు. బెలూన్‌లోకి ఎవరో ఊదాలి. మన ఊపిరితిత్తుల్లోకి ఎవరు ఊదుతున్నారు? వెంటిలేటర్ పెట్టినప్పుడు మాత్రం యంత్రమే గాలిని లోపలికి నెడుతుంది, అక్కడ ఆ పోలిక చెల్లుతుంది. అంతకుముందు వాడిన ఇనుప ఊపిరితిత్తి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1928లో బోస్టన్‌లో పోలియో సోకిన ఒక పాపను మొదటిసారి అందులో ఉంచారు. తల బయట, మిగతా ఒళ్లంతా పెట్టెలో. పెట్టెలో పీడనం తగ్గించగానే ఛాతీ పైకి లేచేది, గాలి దానంతట అదే లోపలికి వెళ్లేది. ఛాతీకి గాయమై గోడకీ ఊపిరితిత్తికీ మధ్య గాలి చేరిందనుకోండి, ఆ ద్రవపు పొర పట్టు తప్పి ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. వాయునాళం తెరిచి ఉన్నా లాభం లేదు.

వదిలేటప్పుడు? కూర్చుని ఉంటే కండరాలు సడలడమే, సాగిన ఊపిరితిత్తులు వాటంతట అవే వెనక్కి వస్తాయి. పరిగెత్తేటప్పుడు పొట్ట కండరాలు కూడా నెడతాయి.

అభ్యాసం: ఒకరు నిమిషానికి 12 సార్లు, ప్రతిసారీ 500 మి.లీ. పీలుస్తారు. ఇంకొకరు 24 సార్లు, ప్రతిసారీ 250. ఇద్దరికీ నిమిషానికి 6 లీటర్లే. కానీ ప్రతి శ్వాసలో సుమారు 150 మి.లీ. దారిలోనే ఉండిపోతుంది, వాయుగోణులకు చేరదు. ఇద్దరిలో ఎవరికెంత చేరుతుంది? రెండో వ్యక్తి 40 సార్లు, ప్రతిసారీ 150 చొప్పున పీలిస్తే ఎంత? లెక్క కాగితం మీద చేయండి, ప్రతి జవాబు కింద కారణం రెండు వాక్యాల్లో రాయండి. బెలూన్ మాట లేకుండా.