ఫైర్‌ఫాక్స్ స్వయంబోధిని – ఐదవ పాఠం: అడ్రస్ బార్‌లో వెతకడం, అంతకంటే ముందు చెరిగిపోయిన హిస్టరీ సంగతి

ఏదైనా వెబ్‌సైటు పాత పేజీనే పట్టుకుని వేలాడుతున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కీలను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో క్యాషే అనే ఒక్క గడికి మాత్రమే టిక్కు ఉంచి తుడిచేయాలని నాలుగవ పాఠంలో చెప్పుకున్నాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలను బట్టి చూస్తే, చాలామంది ‘ఒక్క గడికి మాత్రమే’ అన్న మాటను వదిలేసి, ఉన్న గళ్ళన్నింటికీ టిక్కులు పెట్టి, కాలవ్యవధి దగ్గర ‘ఎవ్రీథింగ్’ ఎంచుకుని, క్లియర్ నొక్కేశారు. ఈ పాఠంలో నేర్చుకోవలసినది అడ్రస్ బార్‌లో గుర్తులతో వెతికే పద్ధతి. దానికి ముడిసరుకు మీ హిస్టరీయే. అది లేనివారు ఈ పాఠం చదివి ‘ఏమీ రావడం లేదు’ అని మళ్ళీ ఉత్తరం రాస్తారు కనుక, ముందు ఆ పెట్టె సంగతి తేల్చుకుని తర్వాత అసలు పాఠానికి వద్దాం.

ఆ పెట్టెలో కనిపించేవన్నీ ఒకే జాతివి కావు. హిస్టరీ అంటే మీరు ఏయే పేజీలు, ఎప్పుడెప్పుడు చూశారన్న పట్టిక. అది మీ కోసం మీ కంప్యూటరులో ఉండేది. కుకీలు వెబ్‌సైట్లు తమ అవసరం కోసం మీ దగ్గర దాచుకునే చీటీలు. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటులీ వీటిని రూపొందించారు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్ళగానే వచ్చిన మనిషి ఎవరో సైటు మరిచిపోతున్నందువల్ల ఇవి అవసరమయ్యాయి. మీరు లాగిన్ అయి ఉన్నారన్న సంగతి, ‘ఈ పరికరాన్ని గుర్తుంచుకో’ అని మీరు పెట్టిన టిక్కు సాధారణంగా ఈ చీటీల్లోనే ఉంటాయి. క్యాషే అంటే బొమ్మలు, అక్షరాల ఫాంట్ల వంటివి ప్రతిసారీ కొత్తగా దించుకోకుండా బ్రౌజరు ఉంచుకునే నకళ్ళు. ఇవి పోతే పోయేదేమీ లేదు, మళ్ళీ దిగుతాయి. సైట్ సెట్టింగ్స్ అన్న గడిలో మీరు ఒక్కొక్క సైటుకు ఇచ్చిన అనుమతులతో పాటు, అక్షరాలు చిన్నగా ఉన్నాయని పెంచుకున్న జూమ్ కూడా ఉంటుంది. తెలుగు పత్రికల సైట్లను నూట ముప్పై శాతానికి పెంచి చదువుకునే పెద్దలకు ఉన్నట్టుండి అక్షరాలు చీమలబారులా కనిపించడానికి కారణం అదే.

ఇక పోనివేవో కూడా చెప్పుకోవాలి. ఆ పెట్టె వల్ల బుక్‌మార్కులు పోవు. ఫైర్‌ఫాక్స్‌లో దాచుకున్న పాస్‌వర్డులూ పోవు. ప్రతి సైటూ మళ్ళీ లాగిన్ అడుగుతోంది కనుక పాస్‌వర్డులు పోయాయని కొందరు అనుకున్నారు. పోయినది చీటీ మాత్రమే. మెనూలో పాస్‌వర్డ్స్ తెరిచి చూడండి, అన్నీ ఉన్న చోటే ఉంటాయి. ఒకసారి లాగిన్ అయి, ఓటీపీ అడిగిన చోట ఓటీపీ ఇస్తే ఆ బాధ అంతటితో తీరుతుంది.

హిస్టరీ తిరిగి తెచ్చుకునే ప్రయత్నంలో మరికొందరు ఇంకో గోతిలో పడ్డారు. లైబ్రరీ విండోలో ‘ఇంపోర్ట్ అండ్ బ్యాకప్’ కింద ‘రిస్టోర్’ అని కనబడగానే, అందులో ఉన్న పాత తేదీని ఎంచుకుని సరే అన్నారు. ఆ బ్యాకప్పులు బుక్‌మార్కులవి. ఫైర్‌ఫాక్స్ తనంతట తానే ఇటీవలి పదిహేను వరకు ఉంచుకుంటుంది. వాటిలో హిస్టరీ ఉండదు. పైగా రిస్టోర్ అనేది పాతవాటిని తెచ్చి ఇప్పుడున్నవాటికి కలపదు, ఇప్పుడున్నవాటిని తీసేసి వాటి స్థానంలో పాతవాటిని పెడుతుంది. అంటే రాని హిస్టరీ కోసం, ఆ తేదీ తర్వాత దాచుకున్న బుక్‌మార్కులను కూడా పోగొట్టుకున్నారన్నమాట. వీరికి ఒక దారి ఉంది. అదే జాబితాలో, పొరపాటు చేయడానికి కాస్త ముందు తేదీతో ఉన్న బ్యాకప్పును ఎంచుకుని మళ్ళీ రిస్టోర్ చేస్తే బుక్‌మార్కుల వరకు తిరిగి వస్తాయి. ఈ పని ఆలస్యం చేయకండి, ఎందుకంటే కొత్త బ్యాకప్పులు వస్తున్నకొద్దీ పాతవి రాలిపోతుంటాయి.

నన్ను అన్నిటికంటే విసిగించేది ఒక నమ్మకం: సైటు పనిచేయకపోతే అంతా తుడిచేయడమే మందు అనేది. ప్రతి సేవా కేంద్రంలోనూ, ఫోనులో ప్రతి సహాయకుడూ ముందు ఇదే చెబుతారు. అది వారికి సులువు. తర్వాత నలభై చోట్ల లాగిన్ అయ్యేది మీరు. నిజానికి చేయవలసిన పనులకు ఒక వరుస ఉంది, చిన్నదానితో మొదలుపెట్టి, అది ఫలించకపోతేనే తర్వాతి దానికి వెళ్ళాలి. కరెంటు బిల్లు కట్టే పేజీ కిందటి నెల మొత్తాన్నే చూపిస్తోందనుకోండి. మొదట కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కండి. మామూలు రీలోడ్‌కూ దీనికీ తేడా ఉంది: ఇది క్యాషేలో ఉన్న నకలును పక్కనబెట్టి, ఆ పేజీని సర్వరు నుంచి కొత్తగా తెప్పిస్తుంది. పదింట ఎనిమిది చిక్కులు ఇక్కడే విడిపోతాయని నా అనుభవం. విడిపోకపోతే కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కి ప్రైవేట్ విండోలో అదే పేజీ తెరవండి. ఆ విండో మీ పాత కుకీలను చూడదు, మీరు ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప యాడ్-ఆన్లను (బ్రౌజరుకు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను) నడపదు. అక్కడ పేజీ బాగుంటే దోషం మీ కుకీల్లోనో, ఏదో ఒక యాడ్-ఆన్‌లోనో ఉంది. అక్కడా బాగాలేకపోతే దోషం చాలావరకు సైటుదే, మీరు తుడిచి సాధించేదేమీ లేదు, సాయంత్రం మళ్ళీ ప్రయత్నించండి. కుకీల దోషమే అనిపిస్తే, మామూలు విండోలో ఆ సైటు తెరిచి ఉండగా, అడ్రస్‌కు ఎడమవైపున్న తాళం బొమ్మను (కొన్ని వెర్షన్లలో దాని స్థానంలో డాలు బొమ్మ ఉంటుంది) నొక్కి ‘క్లియర్ కుకీస్ అండ్ సైట్ డేటా’ ఎంచుకోండి. ఆ ఒక్క సైటు చీటీలే పోతాయి. అయితే మీరు సగం నింపి ఉంచిన దరఖాస్తును సైటు మీ బ్రౌజరులోనే దాచి ఉంటే అది కూడా పోవచ్చు కనుక, ముందు దానిని వేరే చోట రాసుకోండి. ఈ మూడూ అయ్యాకే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ పెట్టె. అప్పుడు కూడా క్యాషే ఒక్కటే.

దీనికి తమ్ముడు ఒకడున్నాడు. హిస్టరీ జాబితాలో ఒక పేజీ మీద కుడి క్లిక్కు చేస్తే, ఆ ఒక్క పేజీని తీసేసే ఆదేశంతో పాటు ‘ఫర్‌గెట్ అబౌట్ దిస్ సైట్’ అని మరొకటి కనిపిస్తుంది. రెండూ ఒకటేననుకుని దీనిని నొక్కినవారున్నారు. ఇది పేజీని కాదు, సైటు మొత్తాన్ని, దాని ఉపసైట్లతో సహా మరిచిపోతుంది. తెలుగు వికీపీడియాలోని ఒక పేజీ మీద దీనిని ప్రయోగిస్తే, మీరు చూసిన ఇంగ్లీషు వికీపీడియా పేజీలు కూడా హిస్టరీ నుంచి పోతాయి, ఎందుకంటే రెండిటి మూల చిరునామా ఒకటే. ఫైర్‌ఫాక్స్ ఒకసారి అడిగి మరీ చేస్తుంది, కానీ ఆ ప్రశ్నను చదివేదెవరు? ఒక్క పేజీయే వద్దనుకుంటే అడ్రస్ బార్‌లో దాని పేరు టైపు చేసి, కింద జాబితాలో అది రాగానే బాణం కీతో దాని మీదికి వెళ్ళి షిఫ్ట్, డిలీట్ నొక్కండి. ఇంట్లోవారి పుట్టినరోజు కానుక కోసం వెతికిన పేజీలను నేను ఇలాగే తీసేస్తాను.

ఇప్పుడు పాఠం. కంట్రోల్, ఎల్ నొక్కితే కర్సరు అడ్రస్ బార్‌లోకి వెళ్తుందని రెండవ పాఠంలోనే చెప్పుకున్నాం కనుక మళ్ళీ చెప్పను. 2008 జూన్‌లో విడుదలైన మూడవ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్ చిరునామాలను మాత్రమే కాక పేజీల శీర్షికలను, బుక్‌మార్కులను, ట్యాగులను (బుక్‌మార్కులకు మీరు తగిలించే గుర్తుమాటలను) కూడా వెతుకుతోంది. ఒక పేజీని మీరు ఎన్నిసార్లు చూశారు, ఎంత ఇటీవల చూశారు అన్న రెండు లెక్కలను కలిపి దేనిని పైన చూపాలో నిర్ణయిస్తుంది. హిస్టరీ మొత్తం తుడిచినవారికి ఆ లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. కొన్ని వారాలు ఓపిక పట్టండి.

టైపు చేసే మాటకు ముందు ఒక గుర్తు పెట్టి, ఖాళీ విడిచి, తర్వాత మాట రాస్తే ఫలితాలు ఒకే చోటి నుంచి వస్తాయి. * పెడితే బుక్‌మార్కులు. ^ పెడితే హిస్టరీ. % పెడితే ప్రస్తుతం తెరిచి ఉన్న ట్యాబులు. + పెడితే ట్యాగులు. # పెడితే శీర్షికలో ఆ మాట ఉన్నవి, $ పెడితే చిరునామాలో ఉన్నవి. ఈ రెండూ అరుదుగా అవసరపడతాయి. ఖాళీ విడవడం మరవకండి.

వీటిలో % నాకు రోజుకు పదిసార్లయినా పనికొస్తుంది. ముప్పై ట్యాబులు తెరుచుకుని, వాటిలో రైలు టికెట్టు పేజీ ఎక్కడుందో తెలియక ఒక్కొక్కదాని మీద నొక్కుతూ పోయేవారు, % తర్వాత ఖాళీ విడిచి, ఆ పేజీ శీర్షికలోని ఏ మాటనైనా రాస్తే చాలు. జాబితాలో దాని మీద ఎంటర్ నొక్కగానే కొత్తగా తెరుచుకోకుండా, తెరిచి ఉన్న ట్యాబుకే తీసుకెళ్తుంది. ^ గుర్తుతో తెలుగు మాటలు కూడా వెతకవచ్చు. ఎప్పుడో చదివిన గొలుసుకట్టు చెరువుల వ్యాసం ఎక్కడ చదివారో గుర్తులేకపోయినా, ^ తర్వాత ‘చెరువు’ అని రాయండి. ‘చెరువుల’ అన్న మాట శీర్షికలో ఉన్నా అది దొరుకుతుంది, ఎందుకంటే మాటలోని కొంత భాగం కలిసినా సరిపోతుంది. కనుక విభక్తులు, బహువచనాలు తగిలించకుండా మాట మొదలు మాత్రమే రాయడం మేలు.

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడేవారికి ఒక హెచ్చరిక. తెలుగులో ఉండగా షిఫ్ట్‌తో ఎనిమిది నొక్కితే * రాదు, శ్ర వస్తుంది. ఆరుకు త్ర, ఐదుకు జ్ఞ. గుర్తు కోసం ఇంగ్లీషులోకి మారి, ఆ తర్వాత తెలుగులోకి రావాలి. * వరకైతే కుడివైపు అంకెల కీలమీద ఉన్నది నొక్కవచ్చు.

ట్యాగుల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు: బుక్‌మార్కులకు ఫోల్డర్లు దండగ. ఉలవచారు పేజీని వంటల ఫోల్డరులో పెట్టాలా, అమ్మకు పంపవలసినవాటిలో పెట్టాలా అని ఆలోచించడంలోనే పుణ్యకాలం గడిచిపోతుంది. కంట్రోల్, డి నొక్కి, ట్యాగుల గడిలో కామాలతో ‘వంట, అమ్మ’ అని రాస్తే రెండు వైపుల నుంచీ దొరుకుతుంది.

చివరిగా కీవర్డు, అంటే ఒక బుక్‌మార్కును అడ్రస్ బార్ నుంచే పిలవడానికి మీరు దానికి పెట్టే పొట్టి పేరు. ఈ పాఠంలో అసలైన లాభం ఇదే. తెలుగు విక్షనరీలో అర్థాలు వెతికేవారు ప్రతిసారీ ఆ సైటు తెరిచి, వెతుకు పెట్టెలో రాయనక్కరలేదు. అక్కడ ‘జజజ’ వంటి అర్థంలేని మాటను ఒకసారి వెతకండి. నిజమైన మాటైతే నేరుగా ఆ పుటకే వెళ్ళిపోతుంది, మనకు కావలసినది ఫలితాల పేజీ. ఆ పేజీని బుక్‌మార్కు చేసి, కంట్రోల్, షిఫ్ట్, ఓ నొక్కి లైబ్రరీలో దానిని ఎంచుకోండి. చిరునామాలో ఆ అర్థంలేని మాట ఉన్న భాగాన్ని (శాతం గుర్తులు, అంకెల వరుసగా కనిపించవచ్చు) మాత్రమే తీసి, దాని స్థానంలో శాతం గుర్తు, దాని పక్కనే ఖాళీ లేకుండా ఇంగ్లీషు ఎస్ అక్షరం రాయండి. ఎస్ చిన్న బడిదే ఉండాలి. పెద్దది రాస్తే మీరు వెతికే మాటను ఫైర్‌ఫాక్స్ చిరునామాకు తగినట్టు మార్చకుండా ఉన్నదున్నట్టు పంపుతుంది, తెలుగు మాటలకు అది చిక్కు తెచ్చిపెట్టవచ్చు. కీవర్డు గడిలో ‘ని’ అని పెట్టుకోండి. నేను తెలుగు అక్షరమే పెట్టుకుంటాను, ఎలాగూ తర్వాత రాయబోయేది తెలుగు మాటే కనుక కీబోర్డు మార్చే పని తప్పుతుంది. ఇక అడ్రస్ బార్‌లో ‘ని’, ఖాళీ, ‘కేదారం’ అని రాసి ఎంటర్ నొక్కితే విక్షనరీ ఆ మాట దగ్గర తెరుచుకుంటుంది. ఎంటర్‌తో పాటు ఆల్ట్ కూడా నొక్కితే ఇప్పుడున్న పేజీ చెదరకుండా కొత్త ట్యాబులో వస్తుంది.

అభ్యాసం: తెలుగు వికీపీడియాకు, వికీసోర్సుకు, మీరు రోజూ వెతికే మరో సైటుకు కీవర్డులు మీరే తయారుచేయండి. మీ బుక్‌మార్కులన్నింటికీ కనీసం ఒక ట్యాగు చొప్పున పెట్టండి. వందలుంటే వందలూ పెట్టవలసిందే, రోజుకు ఇరవై చేయండి. ఆరవ పాఠం ట్యాగులతో తయారుచేసే జాబితాల గురించి. ఆ లోపల కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ జోలికి పోకండి.