గర్భిణికి థైరాయిడ్ పరీక్ష, మాత్ర, ఉప్పు: సరిహద్దు జిల్లాల తల్లులకు సూచనలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో చాలామంది నెల తప్పిన సంగతిని మూడో నెల నిండేదాకా బయటపెట్టరు. ఇరుగుపొరుగుకు చెప్పకపోతే నష్టమేమీ లేదు గాని, ఆశా కార్యకర్తకూ వైద్యుడికీ చెప్పకపోవడం మంచిది కాదు. కడుపులోని బిడ్డ థైరాయిడ్ గ్రంథి సుమారు 12 వారాలకు గాని హార్మోను తయారుచేయడం మొదలుపెట్టదు. అంతవరకు బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం, ఆ తర్వాత కూడా కొన్ని వారాలపాటు ప్రధానంగా అదే అందుతుంది.

ఇదివరకే థైరాయిడ్ తక్కువై లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మాత్ర) వాడుతున్నవారు గర్భం వచ్చిందని మాత్ర మానకూడదు. పైగా మోతాదు పెంచవలసి వస్తుంది. గర్భం తెలిసిన వెంటనే వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకొని వైద్యుణ్ణి కలవాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాలు సూచించాయి. పిల్లలు కావాలనుకున్నప్పుడే ఈ మాట మీ వైద్యుడితో మాట్లాడి పెట్టుకోండి. ఆపైన గర్భం సగానికి వచ్చేదాకా సుమారు నాలుగు వారాలకొకసారి టీ.ఎస్.హెచ్. పరీక్ష (థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగే అంకెను చూపే రక్తపరీక్ష) చేయించాలి.

మాత్ర వేసుకునే వేళలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. గర్భిణులకిచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టనివ్వవు. మరిచిపోతామనే భయంతో పొద్దున్నే అన్నీ ఒకేసారి మింగేవారికి, మందు క్రమం తప్పకుండా వాడుతున్నా టీ.ఎస్.హెచ్. దిగకపోవచ్చు. లేవగానే పరగడుపున మంచినీళ్ళతో థైరాయిడ్ మాత్ర వేసుకొని, అరగంట నుంచి గంట ఆగి టీ, ఫలహారం తీసుకోండి. మధ్యాహ్న భోజనం తర్వాత కాల్షియం, రాత్రికి ఐరన్ పెట్టుకుంటే థైరాయిడ్ మాత్రకూ వీటికీ ఉండవలసిన నాలుగు గంటల ఎడం దానంతటదే వస్తుంది.

ఇంతకుముందు థైరాయిడ్ ఉన్నట్టు తెలియనివారిలోనూ మెడ వాపు, దగ్గరి బంధువులలో ఈ జబ్బు, గతంలో గర్భస్రావం, మధుమేహం వంటివి ఉంటే తొలి సందర్శనలోనే పరీక్ష అడగాలి. థైరాయిడ్ లోపానికి చికిత్స అందని తల్లుల పిల్లలకు ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వయసులో తెలివితేటల పరీక్షలో సగటున 7 పాయింట్లు తక్కువ వచ్చాయని 1999లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చూపింది. అయితే స్వల్ప లోపానికి సుమారు 13వ వారంలో చికిత్స మొదలుపెట్టినా మూడేళ్ళ పిల్లలలో తేడా కనబడలేదని బ్రిటన్, ఇటలీలలో జరిగి 2012లో వెలువడిన పరిశోధన తెలిపింది. కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ అయిందని బిడ్డ చదువు గురించి బెంగపెట్టుకోవడం, బెంగపెట్టడం రెండూ అనవసరం.

ఇక ఉప్పు. థైరాయిడ్ హార్మోను తయారీకి అవసరమైన అయోడిన్ గర్భిణికీ బాలింతకూ రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇటు గంజాం, అటు నౌపడ ఉప్పుమళ్ళు దగ్గరే కావడంతో విడిగా దొరికే గల్లుప్పు మన వంటిళ్ళలో మామూలే. అందులో అయోడిన్ కలిపి ఉండకపోవచ్చు, కలిపినా మట్టి పోవాలని కడిగితే అది నీళ్ళతోనే పోతుంది. ఊరగాయకు గల్లుప్పు ఉంచుకొని, రోజువారీ కూరలకు నవ్వే సూర్యుడి గుర్తున్న అయోడైజ్డ్ ఉప్పు ప్యాకెట్ వాడండి. మూత బిగించిన డబ్బాలో పొయ్యికి దూరంగా ఉంచి, కూర దించేముందు వేయండి. సైంధవ లవణం దీనికి బదులు కాదు. అలాగని ఎక్కువ ఉప్పు తినకూడదు, వైద్యుడు చెప్పనిదే అయోడిన్ బిళ్ళలు వేసుకోకూడదు.

తొలి కాన్పుకు పుట్టింటికి, అంటే తరచుగా శ్రీకాకుళం వైపుకు, వెళ్ళేటప్పుడు ఒడియాలో ఉన్న మాతాశిశు రక్షణ కార్డుతోపాటు పాత రిపోర్టులన్నీ తీసుకెళ్ళండి. మాత్ర మోతాదును తేదీతో సహా కాగితంపై రాసి వాటికి జతచేయండి. కాన్పు తర్వాత సాధారణంగా గర్భానికి ముందున్న మోతాదుకు తగ్గించి, ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష చేస్తారు. పాలిస్తూ ఈ మాత్ర వాడవచ్చు. పుట్టిన బిడ్డకు మూడో రోజు నుంచి ఐదో రోజు లోపల మడమ రక్తంతో థైరాయిడ్ పరీక్ష చేస్తారేమో ఆసుపత్రిలో ముందే అడగండి, ఎందుకంటే పుట్టుకతో వచ్చే లోపానికి రెండు వారాల లోపల మందు మొదలుపెడితే చాలామంది పిల్లలు మామూలుగానే ఎదుగుతారు.