మీ వీధి సీసీ రోడ్డు లెక్కలు మీరే చూసుకోవడం ఎలా

రోడ్డు వేసిన ఏడాదికే కంకర పైకి తేలితే అందరం కాంట్రాక్టర్‌ని నాలుగు తిట్టి ఊరుకుంటాం. చాలాసార్లు పని తీసుకున్నది ఒకరు, సబ్ కాంట్రాక్ట్ మీద చేసింది ఇంకొకరు, కొలతలు రాసి బిల్లు పెట్టింది ఇంజినీరు. ఎవరిది తప్పో తేలాలంటే కాగితాలు చేతికి రావాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది అందుకే.

తెల్లకాగితం మీద రాసినా చాలు. పని చేయించిన విభాగం, అంటే పంచాయతీరాజ్, మున్సిపాలిటీ, ఆర్ అండ్ బీ ఏదైతే అది, అందులోని పౌర సమాచార అధికారి పేరిట పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. "రోడ్డు ఎందుకు పాడైంది" అని మాత్రం అడగొద్దు, అలాంటి ప్రశ్నలకు జవాబివ్వక్కర్లేదని తప్పించుకుంటారు. ఎస్టిమేట్, అగ్రిమెంటు, ఎం-బుక్ (ఇంజినీరు పని కొలతలు రాసే పుస్తకం), క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లులు అని పేరుపేరునా రాసి కాపీలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే విభాగంలో పై అధికారికి అప్పీలు, అక్కడా కదలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి.

అసలు కథంతా ఎం-బుక్‌లో ఉంటుంది. పొడవు, వెడల్పు ఎవరైనా టేపుతో కొలవొచ్చు కాబట్టి అక్కడ పెద్దగా తేడా దొరకదు, మందం దగ్గరే మోసం జరుగుతుంది. అందులో మందం 0.15 అని ఉంటే అది మీటర్లలో, అంటే 15 సెంటీమీటర్లు. అంచున మట్టి తీసి చూస్తే నిండుగానే కనిపిస్తుంది, ఎందుకంటే కాంక్రీటుకు అడ్డంగా షట్టరింగ్ పలకలు పెట్టేది అక్కడే, మధ్యలో నేలను ఎత్తుగా వదిలేసి తక్కువ కాంక్రీటుతో సరిపెట్టేస్తారు. అందుకే రోడ్డు నడిమధ్య కోర్ కటింగ్, అంటే మెషీన్‌తో గుండ్రంగా కోసి పైనుంచి కిందిదాకా ముక్క తీయడం, చేయించమని పట్టుబట్టండి. సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చేసే హక్కు, సర్టిఫై చేసిన శాంపిల్ తీసుకునే హక్కు కూడా మీకున్నాయి, ఆ సెక్షన్ నంబరు దరఖాస్తులోనే రాసేయండి.

టెండరు కాగితాల్లో మరీ ఎక్కువ లెస్‌కి, అంటే ఎస్టిమేట్ కన్నా బాగా తక్కువ రేటుకి, పని తీసుకున్నట్టు ఉంటే ఆ లోటు సిమెంటులో పూడ్చుకున్నారేమో చూడాలి. ఒకే వీధి రోడ్డు నాలుగు చిన్న పనులుగా విడిపోయి ఉంటే టెండరు పిలవకుండా నామినేషన్ మీద ఇవ్వడానికే అలా చేశారేమో ఆరా తీయండి. బిల్లులు నెలల తరబడి రాక చిన్న కాంట్రాక్టర్లు వడ్డీల కింద నలిగిపోతున్న మాట నిజమే, నాకు వాళ్ల మీద జాలి కూడా ఉంది, కానీ ఆ నష్టాన్ని మన రోడ్డులో రాబట్టుకోవడం అన్యాయం.

చివరగా డిఫెక్ట్ లయబిలిటీ గడువు, అంటే లోపాలను కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాల్సిన కాలం. ఎన్నేళ్లో అగ్రిమెంటులో ఉంటుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకైతే ఐదేళ్లు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పుడు రిపేరు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న గొడవలో కూడా పని ఎప్పుడు పూర్తయింది, గడువు ఎప్పుడు ముగిసింది అన్నవే పెద్ద ప్రశ్నలయ్యాయి. కాబట్టి మీ రోడ్డు గడువు దాటకముందే ఫొటోలు జతచేసి ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి) లెటరు పెట్టండి, మరమ్మతు అయ్యేదాకా సెక్యూరిటీ డిపాజిట్ వెనక్కి ఇవ్వొద్దని అందులో రాయండి, మీ కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోండి.