అమెరికా చుట్టాల సాయం బెంగళూరు సర్కారు బడికి చేరాలంటే

బెంగళూరు తెలుగువాళ్లలో చాలామందికి అమెరికాలో ఓ తమ్ముడో మేనకోడలో ఉంటారు. పండక్కి ఫోన్ చేసి, "మీ దగ్గర గవర్నమెంటు స్కూలుకి ఏదైనా చేద్దామన్నా" అంటారు. మాట వెంటనే కంప్యూటర్ల మీదికి పోతుంది. కొనడం ఎప్పుడైనా కొనొచ్చు, ముందు పిల్లలు ఎంతవరకు చదవగలుగుతున్నారో చూడండి.

హెచ్‌ఎంని, ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) వాళ్లని కలిసి అనుమతి తీసుకోండి. పిల్లలు ఎంతవరకు చదవగలరో కొలవడానికి 2005లో మొదలైన అసర్ సర్వేలో వాడే పరీక్ష చాలు: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. మేస్త్రీ పనులకు వచ్చిన మనవాళ్ల పిల్లలుంటే ఇంకాస్త ఓపిక కావాలి. కన్నడ కథ దగ్గర నోరు మెదపని పిల్ల, అదే కథ తెలుగులో చెబితే తర్వాత ఏమవుతుందో గడగడా చెప్పేస్తుంది. అక్షరం రాక ఆగిందా, మాట తెలియక ఆగిందా అన్నది రాసిపెట్టుకోండి.

తర్వాత రోజుకో గంట, ఎవరిది ఏ తరగతన్నది పక్కనపెట్టి, స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పించాలి. ఇది పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతి. 2019లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో లాంటివాళ్లు దీని ఫలితాలను పరీక్షించి చూశారు. ఆఫ్రికాలోని జాంబియా దీన్ని 'క్యాచ్ అప్' పేరుతో తన బడుల్లో పెట్టుకుంది. విదేశీ సహకారం అంటే మనం చేయి చాపడమే అనుకుంటాం గానీ, ఇది ఇక్కణ్నుంచి అక్కడికి వెళ్లిన సరుకు!

పుస్తకాలకు పెద్దగా ఖర్చు లేదు. బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో చాలా కథలు కన్నడలోనూ తెలుగులోనూ ఉచితంగా దొరుకుతాయి. ఒకే కథ రెండు భాషల్లో ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టండి.

అసలు టెన్షన్ డబ్బు దగ్గర. తమ్ముడిది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయితే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే) కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉన్న సంస్థకే, అదీ ఎస్‌బీఐ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బును ఆ సంస్థ ఇంకొకరికి మళ్లించకూడదు. కాబట్టి మీ బడిలో తానే పని చేయగల సంస్థనే వెతుక్కోండి. ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు, లెక్క అడగడానికి మొహమాటపడకండి. "నీ ఖాతాలో వేస్తా, నువ్వు ఇచ్చేయ్" అంటే మాత్రం, ఎంత దగ్గరివాళ్లయినా వద్దని చెప్పండి.

మూడు నెలలకు మళ్లీ అదే పరీక్ష పెట్టండి. ఎంతమంది ఏ స్థాయి నుంచి ఎక్కడికి వచ్చారో ఒక పేజీలో రాసి చుట్టాలకు పంపండి. పిల్లల పేర్లు, ఫొటోలు వద్దు. కదలకుండా ఉండిపోయినవాళ్ల సంఖ్య మొదటి వరుసలోనే రాయండి, తర్వాతి విడత డబ్బు వెళ్లాల్సింది వాళ్ల కోసమే.