కాక్టస్ గింజలకు బిర్యానీ డబ్బా

కొన్న కాక్టస్ గింజలు చాలావరకు ఆవగింజ కంటే చిన్నవి. కుండీలో చల్లి పైనుంచి నీళ్లు పోస్తే అన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. పోయకపోతే మన నెల్లూరు ఎండకు పైమట్టి ఆరిపోయి మొలకే రాదు. రెండు ప్యాకెట్లు అలా పోయాక, పార్సిల్ బిర్యానీ వచ్చే మూత డబ్బా వాడి చూశాను. మూత మాత్రం లోపలిది బయటికి కనిపించేదై ఉండాలి.

అడుగున కాల్చిన మేకుతో ఏడెనిమిది బొక్కలు పెట్టండి. జల్లించిన పెన్నా ఇసుక రెండు వంతులు, కోకోపిట్ (కొబ్బరి పీచు పొడి) ఒక వంతు కలిపి, మరిగే నీళ్లు పోసి పూర్తిగా చల్లారనివ్వండి. బూజు తగ్గేది దీనివల్లే, బద్ధకించి మానొద్దు. మైపాడు బీచ్ ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. రెండు అంగుళాల మందాన నింపి, గింజలు పైన చల్లి, వేలితో మెల్లగా అదమండి. మట్టి కప్పకూడదు, వాటికి వెలుతురు కావాలి. డబ్బాను నీళ్లున్న పళ్లెంలో పావుగంట ఉంచితే తడి కిందినుంచి ఎక్కుతుంది. తర్వాత మూత పెట్టి కిటికీ దగ్గర పెట్టేయడమే.

నాకు పదకొండో రోజున పెసరగింజలో సగం కూడా లేని పచ్చటి గుండ్లు కనిపించాయి. ఎంత సంతోషమో! మూతకు లోపల నీటిబొట్లు ఉన్నన్నాళ్లు మళ్లీ నీళ్లు అక్కర్లేదు. చిన్న ముళ్లు వచ్చాక రోజూ కాసేపు మూత తీస్తూ అలవాటు చేయండి.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వేయొద్దు. మూసిన డబ్బాకు నేరుగా ఎండ తగిలితే ఒక్క మధ్యాహ్నంలో మొలకలన్నీ ఉడికిపోతాయి.