పక్కవాద్యం పేరు పట్టుకుంటే కొత్త సంగీతం దొరుకుతుంది

కొత్త సంగీతం కోసం యాప్ చూపించే సూచనలపైనే ఆధారపడేవారికి, విశాఖపట్నంలో ఉంటూ నేను చాలాకాలంగా పాటిస్తున్న ఒక పద్ధతి చెప్పాలనిపించింది. ఒక కచేరీ నచ్చినప్పుడు గాయకుల పేరు దగ్గరే ఆగిపోకుండా, వయొలిన్, మృదంగం వాయించినవారి పేర్లు చూసి, ఆ పేర్లతోనే యూట్యూబులో వెతకండి. పక్కవాద్య కళాకారులు ఎందరో గాయకులతో కలిసి వాయిస్తారు కనుక, ఒక్క పేరు పట్టుకుంటే మీరు ఎన్నడూ వినని గొంతులు వరుసగా పరిచయమవుతాయి. నేను ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్‌తో మొదలుపెట్టి, ఆయన 1936లో ప్రిన్సిపాల్ అయిన విజయనగరం సంగీత కళాశాల వైపు మళ్లాను. 1919లో ఏర్పడిన ఆ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారనీ, ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారనీ తెలిశాక, పొరుగూరి నుంచే నాకు నెలల తరబడి వినవలసిన సంగీతం దొరికింది. మా ఊరి కళాభారతి ఆడిటోరియంలో కచేరీకి వెళ్లినప్పుడు కూడా వేదికపై పరిచయం చేసే పేర్లన్నీ ఫోనులో రాసుకుంటాను.

స్నేహితులను "మంచి పాటలేమైనా చెప్పండి" అని అడిగితే అందరికీ తెలిసినవే వస్తాయి. "ఈ వారం మీరు మళ్లీ మళ్లీ విన్న ఒక్క పాట పంపండి, ఎందుకు నచ్చిందో ఒక వాక్యం రాయండి" అని అడిగి చూడండి. బీచ్ రోడ్డులో ఏ దుకాణం నుంచో తెలియని పాట వినిపిస్తే పాటను విని గుర్తుపట్టే షజామ్ యాప్ తెరవండి, చాలాసార్లు పేరు చెబుతుంది. ఇక యూట్యూబు పాత పాటలనే తిప్పి చూపిస్తుంటే, బ్రౌజరులో మీ ఖాతా, పాత చరిత్ర వాడని ఇన్‌కాగ్నిటో విండో తెరిచి వెతకండి.