హాల్డేన్‌ని చదవాలనుకుంటే ముందు క్యాలిక్యులేటర్ తీయండి

బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ గురించి ఎవరు చెప్పినా కథలతోనే మొదలుపెడతారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆయన్ని బొగ్గుగనిలోకి తీసుకెళ్ళి, మీథేన్ పేరుకున్న చోట నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ఉపన్యాసం అప్పజెప్పమన్నాడట, కాసేపటికి కళ్ళు తిరిగి కింద పడితే నేల దగ్గర గాలి బాగానే ఉందట, అలా ఆ గ్యాస్ గాలికన్నా తేలికని పిల్లాడికి జన్మలో మర్చిపోకుండా తెలిసిందట. బాగుంటుంది. కానీ ఇలాంటివి నాలుగు చదివి "మనిషి భలేవాడు" అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాం, పరిణామ శాస్త్రంలో ఆయన చేసిందేంటో మాత్రం తెలియకుండానే పోతుంది. అందుకే నేను చెప్పే వరస తిరగేసి ఉంటుంది: ముందు లెక్క, తర్వాత వ్యాసం, జీవితకథ ఆఖర్న.

మొదలుపెట్టడానికి ఈ మాత్రం తెలిస్తే చాలు. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి 1964లో భువనేశ్వర్‌లో పోయారు. సైన్స్‌లో డిగ్రీ లేదు, చదివింది గణితం, గ్రీకు, లాటిన్. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణానికీ (బతకడానికి పనికొచ్చే లక్షణాలే తరతరానికీ పెరగడం) మెండెల్ చెప్పిన వంశపారంపర్య సూత్రాలకీ పొసగదని చాలామంది జీవశాస్త్రవేత్తలు నమ్మిన రోజుల్లో, పొసుగుతుందని లెక్కవేసి చూపించిన ముగ్గురిలో ఈయనొకరు. మిగతా ఇద్దరు ఫిషర్, స్యూవల్ రైట్.

ఇప్పుడు లెక్క. ఇంగ్లండ్‌లో పెప్పర్డ్ మాత్ అని ఒక చిమ్మట ఉంటుంది. మామూలుగా లేత రంగు మీద నల్ల చుక్కలు. మాంచెస్టర్ దగ్గర 1848 ప్రాంతంలో పూర్తి నల్లటిది అరుదుగా కనిపించింది, ఫ్యాక్టరీల పొగకి చెట్లన్నీ మసిబారాక, ఆ శతాబ్దం చివరికి దాదాపు అన్నీ నల్లవే. ఇంత మార్పు 50 ఏళ్ళలో రావాలంటే నల్లదానికి ఎంత లాభం ఉండాలి? 1924లో హాల్డేన్ వేసుకున్న ప్రశ్న ఇది. తెల్లది రెండు పిల్లల్ని మిగిల్చేచోట నల్లది మూడు మిగల్చాలి అని తేల్చారు. అంతకుముందు ప్రకృతి వరణం బలం ఇంతని అంకెల్లో చెప్పినవాళ్ళు లేరనే చెప్పాలి, పైగా చాలామంది ఊహించుకున్నదానికన్నా ఇది చాలా ఎక్కువ.

మీరూ చేయొచ్చు, ఇంటర్ లెక్కలు కూడా అక్కర్లేదు. నల్లరంగు బహిర్గతం, అంటే రెండు జన్యు కాపీలూ తెల్లవైతేనే పురుగు తెల్లగా ఉంటుంది. మొత్తం జన్యువుల్లో తెల్ల జన్యువు వాటాని "క" అనుకోండి. అప్పుడు తెల్ల పురుగుల వాటా క×క. ఒక్కో తరానికీ ఇది చేయండి:

కొత్త క = (క − క×క÷3) ÷ (1 − క×క÷3)

ఆ 3 ఎక్కడిదంటే, ప్రతి తరంలోనూ తెల్లవాటిలో మూడోవంతు పిల్లల్ని కనకుండానే పోతున్నాయని. నల్లవి నూటికి ఒకటి ఉన్న దగ్గర మొదలుపెడితే క 0.995. ఫోన్‌లో నొక్కితే తర్వాతి తరానికి 0.9925 వస్తుంది, అంటే నల్లవి ఒకటిన్నర శాతం. అయిదో తరానికి 7 శాతం, పదో తరానికి 34, పన్నెండు పదమూడు తరాలకి సగం దాటతాయి. అక్కడిదాకా చేత్తోనే చేయండి, ఎక్సెల్‌లో లాగేస్తే అంకె కనిపిస్తుంది గానీ వేగం ఒంటికి పట్టదు. తర్వాత ఎక్సెల్‌లో వేసుకుని చివరిదాకా చూడండి. 20వ తరానికి 88 దాటిన నల్లవి, 99కి చేరడానికి ఇంకో ఇరవై పైచిలుకు తరాలు తీసుకుంటాయి. ఎందుకంటే మిగిలిన తెల్ల జన్యువులు చాలావరకు నల్ల పురుగుల ఒంట్లోనే దాక్కుని ఉంటాయి, వరణానికి దొరకవు. మేనరికాల్లో కొన్ని జబ్బులు ఎందుకు పైకి తేలతాయో కూడా ఈ ఒక్క వరసతో సగం అర్థమైపోతుంది.

నల్లవి బతకడానికి కారణం పక్షులకి కనబడకపోవడమేనని అడవిలో పరీక్షించి చూడటం 1950ల్లో కెటిల్‌వెల్ పని. దానిమీద చాలా గొడవ జరిగింది, తర్వాత కేంబ్రిడ్జ్‌లో మైకేల్ మజేరస్ ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగం పక్షులదే బాధ్యత అని బలపరిచింది. హాల్డేన్ మాత్రం కాగితం మీద వదిలేశారు.

లెక్క అయ్యాక మలేరియా ఆలోచన చదవండి, ఇదే వరసకి చిన్న మెలిక. తలసేమియా అనే రక్తపు జబ్బు తెచ్చే జన్యువు రెండు కాపీలు వస్తే ప్రాణం మీదికొస్తుంది, మరి అలాంటి జన్యువు మధ్యధరా ప్రాంతంలో అంత ఎక్కువగా ఎలా మిగిలింది? ఒక్క కాపీ ఉన్నవాళ్ళకి మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుందేమో అని 1940ల చివర్లో ఆయన అన్నారు. 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) విషయంలో అదే చూపించాడు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ పరీక్షలు ఎందుకు చేస్తున్నారో తెలుసుకోవాలన్నా ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

వ్యాసాల్లో ఒక్కటే చదివే ఓపిక ఉంటే 1926 నాటి "ఆన్ బీయింగ్ ద రైట్ సైజ్" చదవండి. మనిషిని ఎత్తులో, వెడల్పులో, మందంలో పది రెట్లు పెంచితే బరువు వెయ్యి రెట్లవుతుంది, ఎముకని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం వంద రెట్లే, కాబట్టి ఆ రాక్షసుడు అడుగు వేయగానే తొడ విరుగుతుంది. కొన్ని పేజీలే, జోకులు కూడా ఉంటాయి.

ఇక జీవితం. రాజకీయాలు దాటేసి చదవొద్దు. కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారు, సోవియట్ యూనియన్‌లో లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రవేత్త జన్యుశాస్త్రాన్ని తొక్కేస్తుంటే గట్టిగా మాట్లాడాల్సిన మనిషి నసిగారు, చివరికి 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యారు. నా దృష్టిలో ఆయన ఖాతాలో పెద్ద మచ్చ ఇదే.

1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని మహలనోబిస్ గారి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేశారు. ఆ తర్వాత ఇక్కడి పౌరసత్వం కూడా తీసుకున్నారు. ఖరీదైన పరికరాల్లేకుండా కళ్ళతో, లెక్కతో చేయగల సైన్స్ ఇక్కడ బోలెడుందని ఆయన వాదన. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ అక్కడ ఆయన శిష్యుడు, లాంటానా పొదల మీద ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వుకి వెళ్తుందో లెక్కపెట్టారు. చెవి మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కే వస్తాయని తన సొంత వంశవృక్షంతో చూపించిందీ ఈయనే. ఇంటర్ జువాలజీలో హైపర్‌ట్రైకోసిస్ అని బట్టీ పట్టినవాళ్ళకి గుర్తుండాలి. 2004లో డీఎన్ఏ పరిశోధన అది తండ్రి నుంచి కొడుక్కే వెళ్ళే వై క్రోమోజోమ్ వ్యవహారం కాదని తేల్చింది, కాబట్టి పాత నోట్సుని నమ్మకండి. హాల్డేన్ దేహాన్ని ఆయన వీలునామా ప్రకారం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకిచ్చారు. జీవితకథకి ద్రోణంరాజు 2017లో రాసిన పుస్తకం ఉంది, సమంత్ సుబ్రమణియన్ 2020లో రాసింది ఇంకా సాఫీగా చదివిస్తుంది.

లాంటానా పని మీరూ చేయొచ్చు. ఒకే గుత్తిలో పూలు వయసుతో రంగు మారతాయి కాబట్టి గుత్తిలోని రంగుల్ని పోల్చకండి. వేరువేరు రంగుల రకాలు పక్కపక్కనే ఉన్న చోటు చూసుకోండి, ముందు ఏ రకానికి ఎన్ని గుత్తులున్నాయో రాసుకోండి, లేకపోతే ఎక్కువ ఉన్న రంగే ఎక్కువ ఇష్టం అనిపిస్తుంది. ఎండ ఎక్కాక కూర్చుని వాలిన ప్రతిసారీ గీత గీయండి, జాతి పేరు తెలియకపోతే ఫొటో తీసుకుంటే సరిపోతుంది.

ఇంకొకటి. పెంకుపురుగుల (బీటిల్స్) మీద దేవుడికి మోజు, ఇద్దరు అన్నదమ్ముల కోసమో ఎనిమిది మంది కజిన్స్ కోసమో ప్రాణమిస్తాను లాంటి ఆయన మాటలు ఫార్వర్డ్ చేసే ముందు ఆగండి, ఎక్కువగా ఇతరులు గుర్తు తెచ్చుకుని చెప్పినవే, ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఆయనే రాసినవి కావాలంటే జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ పాత సంచికలు వెతకండి, ఆయన సంపాదకత్వం వహించి ఇండియాకి తెచ్చుకున్న పత్రిక అది, ఇప్పుడు బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నడుపుతోంది. అందులో 1957 నాటి "కాస్ట్ ఆఫ్ నేచురల్ సెలక్షన్" పేపర్‌ని మాత్రం ఆఖరికి ఉంచుకోండి, చిమ్మట లెక్క చేతికి అలవాటు కాకుండా దాన్ని ముట్టుకుంటే రెండో పేజీలోనే తల పట్టుకుంటారు.